పద్నాలుగో నంబరు మంచం

ఇంటర్నెట్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను కలిసినప్పుడు ఏ కోర్సు చేస్తే మంచిదని అడుగుతారు. నేను చేసిన ఐటీఐలో ఇంటర్నెట్ అనే మాటే లేదు, కాబట్టి ఆ సంగతి వేరేవాళ్ళను అడగమంటాను. మోకాళ్ళు మొరాయించి ఉద్యోగం మానేశాక కాస్త తీరిక దొరికింది. ఈ పని అసలు ఎలా ఉంటుందో నాకు తెలిసినంత రాసిపెడదామని కూర్చున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, నన్ను సీనియర్ని ఎవరు చేశారు లాంటివి రాయను. అవి చదివితే నాకే నిద్ర వస్తుంది.

నాది కేబుల్ నెట్ ఆఫీసులో టెక్నీషియన్ పని. మొదట సిరిసిల్ల, తర్వాత కోరుట్ల, చివరికి జగిత్యాల. నిచ్చెన ఎక్కి తీగలు లాగడం, ఇళ్ళల్లో, హాస్టళ్ళల్లో రౌటర్లు బిగించడం, నెట్ రాకపోతే వెళ్ళి చూడడం. ఆడమనిషి నిచ్చెన ఎక్కుతుంటే మొదట్లో జనం ఆగి మరీ చూసేవారు. మా బాపు కల్లు గీయడానికి తాళ్ళెక్కేవాడు, ఆయన బిడ్డకు నిచ్చెన ఒక లెక్కా అని గొప్పలు పోయేదాన్ని. పైకెక్కాక కాళ్ళు వణికేవి, అది వేరే సంగతి.

సిరిసిల్ల బాస్

నా మొదటి బాస్ పేరు రాజేశం. మంచి మనిషే కానీ ఓపిక తక్కువ. ఆయన ఆఫీసుకు రెండు వైపులా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచేవి. ఆ చప్పుడుకు అలవాటుపడి చాయ్ తాగుదామా అనే మాట కూడా అరిచే అనేవాడు. ఏ ఇంట్లో ఏ ఇబ్బంది వచ్చినా ఆయన దగ్గర మందు ఒక్కటే.

"పెట్టె బంద్ చేసి మల్ల పెట్టు సరోజా. అచ్చిందా? అచ్చింది. ఇగ నడువు!"

నిజం చెప్పాలంటే చాలాసార్లు ఆ మందు పనిచేసేది. దాంతో వచ్చిన చిక్కే అది. నెట్ వచ్చింది కానీ ఎందుకు పోయిందో మాకు తెలిసేది కాదు. మర్నాడు అదే ఇంటినుంచి మళ్ళీ ఫోను. మళ్ళీ వెళ్ళి మళ్ళీ బంద్ చేసి పెట్టి రావడం. ఇప్పుడు కూడా సగంమంది టెక్నీషియన్లు రాజేశం శిష్యుల్లాగే పనిచేస్తున్నారు, ఆయన ఎవరో తెలియకపోయినా.

అయితే ఆయన దగ్గర ఒక మంచి గుణం నేర్చుకున్నాను. ఇంటివాళ్ళు ఎంత తిట్టినా ఎదురు మాట అనేవాడు కాదు. "వాళ్ల కోపం మన మీద గాదు, పెట్టె మీద. పెట్టెకు చెవులు లెవ్వని మనల్ని తిడ్తరు" అని నవ్వేవాడు. ఆ మాట నన్ను చాలా ఇళ్ళల్లో కాపాడింది.

కోరుట్ల స్క్రీన్‌షాట్

నేను చెప్పబోయే అసలు సంగతి అర్థం కావాలంటే ముందు ఒక చిన్న విషయం తెలియాలి. ఒక భవనంలో నెట్ వాడే ప్రతి ఫోనుకూ, ప్రతి కంప్యూటరుకూ ఒక నంబరు ఉంటుంది. దాన్ని ఐపీ అడ్రస్ అంటారు. మామూలుగా రౌటరే ఎవరికి ఏ నంబరో చూసి ఇస్తుంది. ఆ నంబరును బట్టి ఎవరికి రావాల్సింది వాళ్ళకు వస్తుంది. ఒకే వాడకట్టులో రెండు ఇళ్ళకు ఒకటే ఇంటి నంబరు రాసి ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? ఒకసారి ఈ ఇంట్లో, ఇంకోసారి ఆ ఇంట్లో వేసి పోతాడు. నెట్‌లోనూ అంతే. రెండు యంత్రాలకు ఒకే నంబరు పడితే రెంటిలో ఒకటి ఊరికే ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

కోరుట్లలో ఒక మగపిల్లల హాస్టల్‌కు వెళ్ళినప్పుడు పై అంతస్తులో ఎవరికీ నెట్ సరిగా లేదు. విచారిస్తే తేలిందేమిటంటే, ఒక పిల్లవాడు తన ఫోనుకు నంబరు తానే పెట్టుకున్నాడు. దాంతో నెట్ జోరుగా వస్తోందని స్నేహితులకు చెప్పి, ఆ సెట్టింగుల స్క్రీన్‌షాట్ హాస్టల్ గ్రూపులో పెట్టాడు. మిగతావాళ్ళంతా దాన్ని చూసి తమ ఫోన్లలో అదే నంబరు కొట్టుకున్నారు.

"మేం మంచిగనే కొట్టినం అక్కా, ఒక్క అంకె గుడ తప్పు పోలే" అన్నాడు ఒకడు, నేను మెచ్చుకుంటాననుకుని.

తప్పు పోయి ఉంటే బాగుండేదని చెప్తే మొహాలు చూసుకున్నారు. ఆ రోజు కడుపుబ్బ నవ్వాను. ఇలాంటి తప్పు నవ్వుకునేదే అవుతుందని చాలాకాలం అనుకున్నాను. జగిత్యాల వచ్చాక ఆ అభిప్రాయం మారింది.

వార్డెన్ గది దాటని మగవాళ్ళు

జగిత్యాలలో మేము నెట్ ఇచ్చే ఒక ప్రైవేటు ఆడపిల్లల హాస్టల్ ఉండేది. వార్డెన్ పేరు విజయ. చుట్టుపక్కల మండలాల పిల్లలు అక్కడ ఉండి డిగ్రీ చదువుకునేవారు. గేటు దగ్గర గోడకు ఒక థంబ్ మిషను ఉండేది. పిల్ల బయటినుంచి వచ్చి దాని మీద వేలు పెడితే, ఇంట్లో పెద్దవాళ్ళ ఫోనుకు 'మీ అమ్మాయి హాస్టల్ చేరుకుంది' అని మెసేజ్ పోతుంది. ఎన్నింటికి చేరుకుందో ఆ మెసేజ్‌లో ఉండదు. ఫోనులో మెసేజ్ పడిన టైమే పిల్ల చేరిన టైమని అందరూ అనుకునేవారు.

కొన్నాళ్ళుగా కొన్ని మెసేజ్‌లు ఆలస్యంగా పోతున్నాయని విజయ ఫిర్యాదు చేస్తూనే ఉంది. మా ఆఫీసు నుంచి మగపిల్లలు వెళ్ళేవారు. ఆ హాస్టల్‌లో మగవాళ్ళకు వార్డెన్ గది దాకానే అనుమతి. రౌటర్ కూడా ఆ గదిలోనే ఉంది. వీళ్ళు మధ్యాహ్నం పూట వెళ్ళి, దాన్ని బంద్ చేసి పెట్టి, మిషను మీద విజయ చేత వేలు పెట్టించి, మెసేజ్ టక్కున పోవడం చూసి తిరిగి వచ్చేవారు. మిషను బిగించినవాళ్ళను అడిగితే మిషను బాగానే ఉంది, నెట్‌దే తప్పు అనేవారు. మేము నెట్ బాగానే ఉంది, మిషనుదే తప్పు అనేవాళ్ళం. రెండు కంపెనీలకూ హాయిగా గడిచిపోయేది.

ఒక ఆదివారం పొద్దున విజయ నాకే నేరుగా ఫోన్ చేసింది.

"సరోజక్కా, పోరగాండ్లను పంపకు, నువ్వే రా. ఈడ ఒక పిల్ల సదువు ఆగేటట్టున్నది."

ఫోనుకు ఏం పగ

నేను వెళ్ళేసరికి వార్డెన్ గదిలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పేరు మల్లయ్య, కోనరావుపేట దగ్గర ఊరు, వ్యవసాయం. ఎదురుగా గోడకు ఆనుకుని ఆయన కూతురు స్రవంతి. డిగ్రీ చివరి సంవత్సరం, పరీక్షలు దగ్గర పడుతున్నాయి. సాయంత్రం పూట కంప్యూటర్ క్లాసుకు కూడా వెళ్తోంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. బయట ఆటో ఆగి ఉంది, ఆమెను సామానుతో సహా తీసుకుపోవడానికి.

"రోజు మేం పండుకునే యాళ్లకు మెసేజ్ అస్తాంది అక్కా, హాస్టల్ చేరిందని" అన్నాడు మల్లయ్య నాతో. ఆయన గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది. "క్లాసేమో పొద్దుగూకంగనే అయిపోతదంటది. గంతసేపు యాడ తిరుగుతాందో చెప్పుమంటె ఏడుస్తది."

"నేను యాడ తిరగలే బాపూ. క్లాసు కాంగనే అచ్చి థంబ్ పెట్టిన. పెట్టినంకనే అన్నం తిన్న" అంది స్రవంతి.

"మరి ఫోను అబద్ధం చెప్తాందా? ఫోనుకు నీ మీద ఏం పగ బిడ్డా?"

విజయ ఏదో చెప్పబోయింది కానీ స్రవంతి వచ్చే వేళకు తను వంటింట్లో ఉంటుంది, తన కళ్ళతో చూడలేదు. తోటి పిల్లలు చెప్తే స్నేహితులు కాబట్టి చెప్తున్నారంటాడు మల్లయ్య. ఇంతకూ ఆయన చెడ్డవాడా అంటే కాదు. కూతుర్ని చదివించాలని ఊళ్ళో నలుగురితో మాట పడి పంపినవాడు.

"మొన్న నా ఫోను పక్కింటాయిన చేతిల ఉన్నప్పుడు మెసేజ్ అచ్చింది. సూసి నాకిచ్చిండు. ఏం అనలే. గాయన ఏం అనకపోవుడే నాకు నిద్ర లేకుంట చేసింది" అన్నాడు.

నేను రౌటర్ చూశాను, బాగుంది. మిషను తీగ చూశాను, బాగుంది. స్రవంతిని వేలు పెట్టమన్నాను. పెట్టిందో లేదో మల్లయ్య జేబులో ఫోను మోగింది. ఆయన మెసేజ్ చూసి, లేచి నిలబడ్డాడు.

"మిషను మంచిగనే ఉన్నది. ఇగ నువ్వు బట్టలు సదురుకో బిడ్డా."

సాయం చేద్దామని వచ్చి నేనే ఆ పిల్లను ఇంకా లోతుగా ముంచాను. అన్నం వండుతున్నారు, తినిపోదురు, అంతదాకా ఆగమని బతిమాలాను. ఆయన కూర్చున్నాడు కానీ రుమాలు భుజం మీదినుంచి తీయలేదు.

మెట్లెక్కితే తెలిసింది

పొద్దున బాగుండి సాయంత్రం చెడుతోందంటే, సాయంత్రం పూట ఆ భవనంలో కొత్తగా ఏదో మొదలవుతోందన్నమాట. అది వార్డెన్ గదిలో కూర్చుంటే తెలియదు. నేను ఆడదాన్ని కాబట్టి మెట్లెక్కి గది గదికీ పోగలిగాను. ఇన్నేళ్ళు నన్ను వింతగా చూసినవాళ్ళందరి బాకీ ఆ రోజు తీరిపోయింది.

"పొద్దుగూకినంక నడిచేది, గిప్పుడు నడవనిది ఏమున్నది మీ తాన?" అని అడుగుతూ పోయాను. ఒకరు టీవీ అన్నారు, ఒకరు దోమల మందు మిషను అన్నారు. స్రవంతి గదిలోనే ఉండే లావణ్య అనే పిల్ల తన లాప్‌టాప్ చూపించింది.

"నేను లాప్‌టాప్ పెడ్త ఆంటీ. మా బాపు దుబాయ్‌ల డ్యూటీ దిగి రూముకచ్చినంక వీడియో కాల్ చేస్తడు."

లావణ్యది ఇబ్రహీంపట్నం వైపు. ఆ లాప్‌టాప్ వాళ్ళ నాన్న అక్కడ పనివాళ్ళు ఉండే క్యాంపులో వాడుకున్నదే. కిందటిసారి సెలవు మీద వచ్చినప్పుడు బిడ్డ చదువుకు పనికొస్తుందని ఇచ్చి పోయాడు. రోజూ సాయంత్రం కాల్ కలిపాక తండ్రీకూతుళ్ళు మాట్లాడుకునేది తక్కువట. ఆయన అక్కడ కూర వండుకుంటాడు, ఈమె ఇక్కడ చదువుకుంటుంది. మధ్యలో ఉప్పు ఎక్కువైందనో, ఇంకా చదువుతున్నవా అనో ఒక మాట. ఆయన తిని పడుకునేదాకా లాప్‌టాప్ అలాగే తెరిచి ఉంటుంది.

"ఎప్పుడన్న నెట్ కలవకపోవుడు ఉన్నదా?" అన్నాను.

"ఒక్కోపారి పసుపు గుర్తు అస్తది. జర్రసేపు ఆగి పెడితె మంచిగ కలుస్తది."

లాప్‌టాప్ తెరిపించి సెట్టింగులు చూశాను. రౌటర్ ఇచ్చిన నంబరు కాదు, ఎవరో చేత్తో కొట్టి పెట్టిన నంబరు. చివర పద్నాలుగు. కిందికి ఫోన్ చేసి గేటు మిషను నంబరు చదవమని విజయకు చెప్పాను. చివర పద్నాలుగు.

"ఈ నంబరు ఎవరు పెట్టిండ్రు బిడ్డా?"

"బాపే. గది బాపు మంచం నంబరు ఆంటీ" అంది లావణ్య. "వాళ్ల క్యాంపుల అందరికి ఒక్కటే నెట్టు. ఎవలు ఎక్కువ వాడుతున్నరో ఎర్కగావాలని ఎవల మంచం నంబరు వాళ్లు పెట్టుకోవాలన్నరట. గదే నంబరుతోని ఈడికచ్చింది."

అప్పుడు మొత్తం చిక్కుముడి నాకు విడిపోయింది. సాయంకాలం పిల్లలంతా గుంపుగా వచ్చి వేళ్ళు పెట్టాక గేటు మిషనుకు పని ఉండదు. చౌక మిషను, కాసేపటికి దీపం ఆర్పుకుని నిద్రపోతుంది. ఆ సమయంలో లావణ్య లాప్‌టాప్ తెరిస్తే పద్నాలుగో నంబరు అడిగేవాళ్ళెవరూ లేరు, అది తీసుకుని కూర్చుంటుంది. తర్వాత క్లాసు ముగించుకుని స్రవంతి ఒక్కతే వస్తుంది. వేలు పెడితే మిషను లేచి వేలిముద్ర తీసుకుని దాచుకుంటుంది కానీ, దాని నంబరు వేరేవాళ్ళ దగ్గరుంది, మెసేజ్ పోదు. దుబాయ్‌లో ఒక తండ్రి పడుకున్నాక ఇక్కడ లాప్‌టాప్ మూస్తారు. అప్పుడు కోనరావుపేటలో ఇంకో తండ్రి ఫోను మోగుతుంది.

నేను చెప్పింది విని లావణ్య చప్పున లాప్‌టాప్ మూసింది. "అంటె నాతోనే అయ్యిందా ఆంటీ?" అంది. నీ తప్పు కాదు, మీ బాపు తప్పు అంతకన్నా కాదు అని ఆమెను దగ్గరికి తీసుకున్నాను. ఆయన తన క్యాంపు పద్ధతిని పొల్లుపోకుండా పాటించాడు, అంతే.

మిషను పండుకున్నాక

మల్లయ్యకు ఇదంతా నోటితో చెప్తే నమ్మడని నాకు తెలుసు. నేనైనా నమ్మను. ఆయన్ని గేటు దగ్గరికి తీసుకుపోయి కుర్చీ వేయించాను. మిషను దీపం ఆరేదాకా ఎవరూ దాన్ని ముట్టకుండా ఆగాం. లావణ్య లాప్‌టాప్ తెచ్చి ఆయన ఎదురుగానే తెరిచింది.

"ఇప్పుడు వేలు పెట్టు స్రవంతీ" అన్నాను.

పెట్టింది. మిషను పచ్చ దీపం వెలిగించి థాంక్యూ అంది. మల్లయ్య ఫోను చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. ఏమీ రాలేదు. విజయ చాయ్ తెచ్చింది, తాగాం. ఏమీ రాలేదు. గ్లాసులు లోపలికి వెళ్ళాయి. ఆయన ఫోనును ఒకసారి తిప్పి చూశాడు, చెడిపోయిందేమోనని.

"ఇగ నువ్వు మూసెయ్ లావణ్యా."

లాప్‌టాప్ మూసింది. కొద్ది క్షణాలకు ఆయన చేతిలో ఫోను మోగింది. 'మీ అమ్మాయి హాస్టల్ చేరుకుంది.'

"ఇంకొక్కపారి" అన్నాడు మల్లయ్య.

మళ్ళీ మొదటినుంచి అంతా చేశాం. ఈసారి లాప్‌టాప్ తానే మూశాడు. మళ్ళీ మోగింది. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత రుమాలుతో మొహం తుడుచుకుని కూతురి వైపు తిరిగాడు.

"అన్నం తిన్నవా బిడ్డా?" అన్నాడు.

పొద్దున్నుంచి తినలేదు బాపూ అంటూ ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. విజయ ఏడ్చింది, లావణ్య ఏడ్చింది. నేను టూల్ బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను కానీ నా కళ్ళలోనూ నీళ్ళు ఆగలేదు. ఇద్దరికీ పక్కపక్కన విస్తళ్ళు వేయించింది విజయ. ఆటో ఖాళీగా వెళ్ళిపోయింది.

నంబరు ఎవరికి వదిలాను

ఇక బాగుచేయడం చిన్న పని. పుస్తకం ప్రకారం లాప్‌టాప్‌లో చేత్తో పెట్టిన నంబరు తీసేసి, రౌటర్ ఏది ఇస్తే అది తీసుకునేలా మార్చాలి. నేను అదే చేయబోతుంటే లావణ్య మెల్లగా అడిగింది.

"గా నంబరు ఉంచరాదా ఆంటీ? బాపు పండుకునే నంబరు గదా."

మీరు ఈ పనిలోకి వస్తే ఇలాంటివి వింటారు. నవ్వి కొట్టిపారేయడం తేలిక. నేను గేటు మిషనుకే వేరే నంబరు పెట్టాను, రౌటర్‌లో పద్నాలుగును లావణ్య లాప్‌టాప్‌కు తప్ప ఇంకెవరికీ ఇవ్వకుండా కట్టేశాను. మిషనుకు నిద్ర లేకుండా కూడా చేశాను. అదనంగా పట్టిన సమయం ఒక చాయ్ తాగినంత. మెసేజ్‌లో వేలు పెట్టిన టైము వచ్చేలా చేయమని మిషనువాళ్ళకు నేనూ విజయా వెంటపడి చెప్పాం. చూస్తామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. పిల్ల టైము గురించి ఇంటికి చెప్పే మిషనుకు టైము రాయాలని తోచనివాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఫిర్యాదు ఏ వేళకు వస్తోందో ఆ వేళకు ఏం జరుగుతుందో అడగండి. అడగడానికి మెట్లెక్కండి. మీరు ఎక్కకూడని చోటైతే ఎక్కగలిగినవాళ్ళను పంపండి. యంత్రం బాగుందని తేలిందంటే మనిషిదే తప్పని అప్పుడే అనకండి. ఆ మాట మన నోటినుంచి వస్తే జనం నమ్ముతారు, అందుకే భయపడాలి.

స్రవంతి పరీక్షలు రాసింది, పాసైంది. అక్కడే ఉండి పై చదువులో చేరింది. నేను ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్న కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఫోను మోగింది.

"అక్కా, నేను మల్లయ్యను, కోనరావుపేట. ఇయ్యాల మెసేజ్ రాలే."

మళ్ళీ మొదలైందా అనుకున్నాను. స్రవంతితో మాట్లాడారా అని అడిగాను.

"ఎందుకు మాట్లాడుడు? బిడ్డ యాళ్లకు అచ్చే ఉంటది. గా మిషనే మల్ల పండుకున్నట్టున్నది. జర పోయి లేపు అక్కా."

ఉద్యోగం మానేశానని ఆయనకు చెప్పలేదు. సరే అన్నాను, పాత టూల్ బ్యాగు ఎక్కడ పెట్టానో వెతుక్కోవడానికి లేచాను.